కోడీ, కుంపటీ, ఊరూ

“నా కోడీ, నా కుంపటీ లేకపోతే ఊరికి తెల్లవారుతుందా?” అని అలిగి అడవికి పోయిన అవ్వ కథ తెలుగు పిల్లలందరూ ఉగ్గుపాలతో విన్న కథ. ఆమె కోడి కూతకు ఊరు మేలుకొనేది. ఆమె కుంపటిలోని నిప్పు తెచ్చుకొని ఊరివారు పొయ్యిలు రాజేసుకొనేవారు. ఒకనాడు ఊరిమీద కోపం వచ్చి, కోడిని చంకన పెట్టుకొని, కుంపటిని చేతబట్టుకొని అవ్వ అడవికి వెళ్ళిపోయింది. ప్రొద్దెక్కేదాకా కూర్చొని, ఆ దారిన పోయేవానిని “మా ఊళ్ళో తెల్లవారిందా నాయనా?” అని అడిగింది. వాడు పకపక నవ్వాడు. నాటినుండి ఆ అవ్వ మన భాషలో అహంకారానికి మారుపేరుగా నిలిచిపోయింది.

ఈ సామెతను పాతికేళ్ళకు పైగా తరగతిలో చెప్పుతూ వచ్చాను. పెరటిలో నాలుగు కోళ్ళను పెంచిన తరువాత గాని అందులోని మరొక అర్థం నాకు బోధపడలేదు. ఆ అర్థాన్ని గురించి, దానితోపాటు గ్రుడ్ల కొరకు క్రొత్తగా కోళ్ళను పెంచదలచిన ఉపాధ్యాయ మిత్రులకూ విద్యార్థులకూ తెలిసి ఉండవలసిన కొన్ని విషయాలను గురించి ఈ వ్యాసం.

మన సాహిత్యంలో కోడికి చోటు లేకపోలేదు. కాని ఆ కోడి పుంజు. అమరకోశం కోడికి నాలుగు పేర్లు చెప్పింది: కృకవాకువు, తామ్రచూడము, కుక్కుటము, చరణాయుధము. మొదటిది దాని కంఠాన్ని చెప్పుతుంది. రెండవది ఎఱ్ఱని జుట్టును. మూడవది దాని కూతను అనుకరించిన శబ్దం. నాలుగవది కాలినే ఆయుధంగా చేసుకొన్న శౌర్యాన్ని చెప్పుతుంది. గ్రుడ్డును గురించి ఒక్క పేరూ చెప్పలేదు. 12వ శతాబ్దపు పల్నాటి వీరుల కథలో నాగమ్మ కోడి గెలిచి, బ్రహ్మనాయుని కోడి ఓడి, మాచెర్లవారు ఏడేండ్లు రాజ్యం విడిచి వలస పోవలసి వచ్చింది. కుక్కుటశాస్త్రం డేగ, కాకి, నెమలి, పర్ల, సేతువ అని పుంజుల రంగులను విభజించి, ఏ దినాన ఏది గెలుస్తుందో లెక్కలు కట్టింది. ఇంత సందడిలోను పెట్ట మాత్రం ఎవరి కంటా పడకుండ గాదె చాటున గ్రుడ్డు పెట్టుకొంటూనే ఉన్నది. పుంజు మీద పందెం కాచినవారు పొలాలు పోగొట్టుకొన్నారు. పెట్ట పెట్టిన గ్రుడ్లమ్మి ఇల్లాండ్రు పిల్లల పలకలు, పుస్తకాలు కొన్నారు. చరిత్రకెక్కింది మొదటివారే.

కోడికీ మనిషికీ పొత్తు ఎట్లు కుదిరింది? అడవికోడి నేటికీ ఆగ్నేయాసియా అడవులలో, మన దేశపు అడవులలో తిరుగుతూనే ఉన్నది. 2022లో వెలువడిన ఒక పరిశోధన ప్రకారం, నిస్సందేహంగా పెంపుడు కోళ్ళవని చెప్పదగిన అత్యంత ప్రాచీనమైన ఎముకలు మధ్య థాయిలాండులోని బాన్ నాన్ వాట్ అనే చోట దొరికాయి, అవి క్రీ. పూ. 1650 – 1250 నడిమికాలానివి. వరి, చిరుధాన్యాలు పండించే ఊళ్ళలో రాలిన గింజలకు ఆశపడి అడవికోడి తానై మనిషి దగ్గరకు వచ్చిందని ఆ పండితుల ఊహ. అనగా కోడి ఒక మనిషిని వెదకుకొంటూ రాలేదు; ఒక ఊరిని వెదకుకొంటూ వచ్చింది. ఈ మాటను పాఠకులు గుర్తుంచుకోవలెనని మనవి. మరల దీనితో పని పడుతుంది.

ఇక అసలు విషయం. క్రొత్తగా మొదలుపెట్టేవారు ముందుగా తేల్చుకోవలసింది ఏ జాతి కోడి అన్నది. గ్రుడ్ల ఉత్పత్తిలో దేశంలోకెల్ల ఆంధ్రప్రదేశ్ ముందున్నది. ఆ గ్రుడ్లలో అధికభాగం పెద్ద పెద్ద షెడ్లలో, ఇనుప పంజరాలలో పెరిగే తెల్ల లెగ్‌హారన్ సంతతి కోళ్ళవి. అవి ఏడాదికి 300కు పైగా గ్రుడ్లు పెడతాయి. కాని కొలిచి పెట్టే దాణా, కట్టుదిట్టమైన కాపలా ఉంటేనే ఆ సంఖ్య సాధ్యం. పెరటిలో కుక్కకు, గ్రద్దకు తప్పించుకొని తిరిగే నేర్పు వాటికి తక్కువ. మన నాటుకోడి సంగతి దీనికి విలోమం. దానికి నేర్పు ఉన్నది, ఓర్పు ఉన్నది, పొదిగి పిల్లలను సాకే మాతృత్వం ఉన్నది. గ్రుడ్లు మాత్రం ఏడాదికి 60, 70, మహా అయితే 80.

ఈ రెంటికీ నడుమ మార్గంగా హైదరాబాదు రాజేంద్రనగర్‌లోని కేంద్ర ప్రభుత్వ కోళ్ళ పరిశోధనా సంస్థవారు పెరటి పెంపకానికనే కొన్ని రకాలను రూపొందించారు. వాటిలో వనరాజా మాంసానికీ గ్రుడ్లకూ పనికివచ్చేది, బరువైన శరీరం. గ్రామప్రియ ముఖ్యంగా గ్రుడ్లకు ఉద్దేశించింది. పెరటిలో శ్రద్ధగా చూస్తే ఏడాదికి 160 నుండి 180 దాకా గోధుమరంగు గ్రుడ్లు పెడుతుంది. గ్రుడ్లే కావలెననుకొనేవారికి గ్రామప్రియ మేలు. అయితే ఇటువంటి కోళ్ళు పొదుగుకు కూర్చోవడం అరుదు. ప్రకృతిలో ఏ సౌకర్యమూ ఊరక రాదు. ఎక్కువ గ్రుడ్లు పెట్టే గుణాన్ని ఏరి ఏరి పెంచితే, గ్రుడ్లు పెట్టడం ఆపి మూడువారాలు పొదిగే గుణం వెనుకబడుతుంది. పిల్లలు కావలెనంటే ఆ గ్రుడ్లను ఒక నాటుపెట్ట క్రింద పెట్టవలసిందే. అది 21 దినాలు కూర్చొని, పరాయి గ్రుడ్లని ఎంచక పిల్లలను చేసి ఇస్తుంది.

గ్రుడ్లు పెట్టడానికి పుంజు అవసరమా అని విద్యార్థులు తరచుగా అడుగుతారు. అవసరం లేదు. పుంజు లేకున్నా పెట్ట గ్రుడ్లు పెడుతుంది. ఆ గ్రుడ్లు పిల్లలు కావు, అంతే. పొదిగించదలచుకొంటేనే ఎనిమిది పది పెట్టలకు ఒక పుంజును ఉంచవలెను.

రెండవ ప్రశ్న ఎన్ని అన్నది. ఒకనాటి పిల్లలను కొంటే వాటిలో సగం పుంజులు కావచ్చు. పాతిక పిల్లలు కొంటే, ఒకటి రెండు పోగా, పది పన్నెండు పెట్టలు మిగులుతాయి. ఒక కుటుంబానికి అవి చాలు. క్రొత్తవారు ఒకనాటి పిల్లలను గాక, నాలుగు నుండి ఆరు వారాలు పెంచి, తొలి టీకాలు వేసిన పిల్లలను కొనడం ఇంకా మంచిది. వెల కొంత ఎక్కువైనా, అత్యంత ప్రమాదకరమైన తొలి నెల గడచిపోయి ఉంటుంది. ఈ సలహా నాకు ముందే తెలిసి ఉంటే ఇప్పుడు చెప్పబోయే సంగతి జరిగేది కాదు.

కొన్నేండ్ల క్రిందట ఒక మార్గశిర మాసంలో ఒకనాటి పిల్లలను పాతికను తెచ్చాను. పుస్తకాలలో చదివినట్లే ఊక రెండంగుళాల మందాన పరిచాను. దానిమీద పాత వార్తాపత్రికలు వేశాను. మూలలలో పిల్లలు ఒకదానిమీద ఒకటి ఎక్కకుండ అట్టతో గుండ్రని కంచె కట్టాను. పైన బల్బు వ్రేలాడదీశాను. వెలుతురు ధగధగలాడింది. పిల్లలు కిచకిచలాడుతూ ఉన్నాయి. సంగీతం వింటున్నట్లు సంతోషించి పడుకొన్నాను. తెల్లవారి చూస్తే పిల్లలన్నీ ఒకచోట కుప్పగా చేరి ఉన్నాయి. ఆ కుప్ప అడుగున ఏడు పిల్లలు ఊపిరాడక చచ్చిపడి ఉన్నాయి.

మా వీధి చివర ఒక ముసలమ్మ ఉన్నది. వీధిలో అందరికీ ఆమె అవ్వే. ఆమెకు పధ్నాలుగు నాటుకోళ్ళు. కబురు విని వచ్చి, బల్బును చేత్తో తడిమి చూసి, “దీపం పెట్టారు గాని కుంపటి పెట్టలేదు మాస్టారూ!” అన్నది. నేను పెట్టింది తొమ్మిది వాట్ల ఎల్.ఇ.డి. బల్బు. అది కరెంటును పొదుపుగా వెలుతురు చేస్తుంది. అందుకే అది అంతగా వేడెక్కదు. పుస్తకాలలో “బల్బు పెట్టవలెను” అని వ్రాసినవారి కాలంలో బల్బంటే వేడెక్కే బల్బే. మాట మారలేదు, వస్తువు మారింది. భాషను బోధించేవానికి ఇంతకన్న సిగ్గుపడవలసిన పాఠం మరొకటి లేదు.

కోడీ, కుంపటీ అని సామెతలో రెంటినీ ఎందుకు జతచేశారో నాకు ఆనాడు తోచింది. ఒకనాటి పిల్లకు తన ఒంటి వేడిని కాపాడుకొనే శక్తి లేదు. తల్లి రెక్కల క్రింది వెచ్చదనమే దానికి ప్రాణం. తల్లి లేనిచోట ఆ వెచ్చదనాన్ని మనమే సమకూర్చవలెను. తొలివారం పిల్లలున్న చోట 35 డిగ్రీల సెంటిగ్రేడు ఉండవలెను. తరువాత వారానికి రెండు మూడు డిగ్రీల చొప్పున తగ్గిస్తూ పోవలెను. వేడెక్కే పాతరకం బల్బులైతే పిల్లకు 2 వాట్ల చొప్పున లెక్క. చలికాలంలో ఇంకొంచెం ఎక్కువ. నిజమైన బొగ్గుల కుంపటిని మాత్రం మూసిన గదిలో పెట్టరాదు. దాని విషవాయువు పిల్లల ప్రాణాలే గాక మన ప్రాణాలు కూడా తీస్తుంది.

ఉష్ణమాపకం లేకున్నా భయం లేదు, పిల్లలే ఉష్ణమాపకాలు. బల్బు క్రింద కుప్పగా చేరితే చలి ఎక్కువైందని అర్థం. దూరంగా పోయి, నోళ్ళు తెరచి, రెక్కలు విప్పి నిలబడితే వేడి ఎక్కువైంది. అన్ని దిక్కులా సమంగా పరచుకొని, కొన్ని తింటూ, కొన్ని త్రాగుతూ, కొన్ని నిద్రపోతూ ఉంటే అంతా సవ్యంగా ఉన్నట్లు. ఆ మొదటి రాత్రి నేను సంగీతమనుకొన్న కిచకిచ చలికి ఏడ్చిన ఏడుపు. సుఖంగా ఉన్న పిల్లలు అంత గట్టిగా అరవవు.

పిల్లలు పెద్దవైన తరువాత పగలు తిరగడానికి పెరడు, రాత్రి తలదాచుకోవడానికి గూడు కావలెను. రాత్రిపూట మాత్రమే ఉండే గూటిలో కోడికి ఒకటి, ఒకటిన్నర చదరపు అడుగుల చోటు సరిపోతుంది. గూటి పొడవు తూర్పు పడమరలుగా ఉంటే ఎండ లోపలికి సూటిగా పడదు. లోపల అడ్డకఱ్ఱలు ఉండవలెను; కోడికి చెట్టుకొమ్మ మీద నిద్రించే అడవినాటి అలవాటు పోలేదు. నాలుగైదు పెట్టలకు ఒక గ్రుడ్ల గంప చొప్పున చీకటి మూలలో పెట్టవలెను. ముంగిసకూ, పిల్లికీ, పాముకూ దారిలేని తలుపు అన్నిటికన్న ముఖ్యం.

తిండి విషయంలో క్రొత్తవారు రెండు విధాలుగా పొరబడతారు. కోడి తన తిండి తానే వెదకుకొంటుందని కొందరు ఏమీ పెట్టరు. గింజలు పోస్తే చాలునని కొందరు నూకలే పోస్తారు. గ్రుడ్లు పెట్టే కోడికి రోజుకు సుమారు 110 గ్రాముల మేత కావలెను. పురుగు, పుట్ర, ఆకు, అలము దొరికే పెరడైతే అందులో సగం అదే వెదకుకొంటుంది. మిగిలిన సగం మనం పెట్టవలెను. మొక్కజొన్న, జొన్న, నూకలు బలానికి; వేరుసెనగ చెక్క, సోయాచెక్క మాంసకృత్తులకు; తవుడు, మునగాకు, అజొల్లా విటమినులకు. బూజు పట్టిన వేరుసెనగ చెక్కను మాత్రం ఎంత చౌకగా వచ్చినా పెట్టరాదు. ఆ బూజులోని విషం కాలేయాన్ని తినివేస్తుంది.

వీటన్నిటికన్న మరచిపోయేది సున్నం. విద్యార్థులు ఇక్కడ ఒక చిన్న లెక్క వేయవచ్చును. గ్రుడ్డు పెంకు బరువు సుమారు 5 గ్రాములు. అందులో దాదాపు అంతా సున్నపురాయి పదార్థమే. కాల్షియం లెక్కన 2 గ్రాములు. కోడి ఎముకలన్నిటిలోను కలిపి ఉన్న కాల్షియం సుమారు 20 గ్రాములు. అనగా ఒక్క గ్రుడ్డు పెట్టినప్పుడల్లా కోడి తన ఎముకలలో ఉన్నంత సున్నంలో పదవవంతు బయటికి ఇచ్చివేస్తున్నది. ఏడాదికి 170 గ్రుడ్లంటే 340 గ్రాములు. తన అస్థిపంజరాన్ని పదిహేడుసార్లు ధారపోయడం. మనం మేతలో ఇవ్వకపోతే అది తన ఎముకలనుండి తీసి ఇస్తుంది. ముందు పెంకు పలుచబడుతుంది, తరువాత కాళ్ళు చచ్చుపడతాయి. ఎముకలిచ్చిన దధీచిని మనం పురాణంలో ఒక్కసారి తలచుకొంటాము. పెరటిలోని దధీచిని రోజూ చూస్తూ గుర్తించము. అందుకు విరుగుడు సులభం. నత్తగుల్లలను నలగగొట్టి ఒక మూకుడులో ప్రక్కన పెడితే చాలు. కావలసినంత అదే ఏరుకొని తింటుంది.

గ్రుడ్డు తయారయ్యే తీరు కూడ చెప్పుకోదగినదే. పచ్చసొన విడుదలైన తరువాత తెల్లసొన చుట్టుకోవడానికి సుమారు మూడు గంటలు, పొరలు ఏర్పడడానికి గంటకు పైగా, పెంకు కట్టడానికి 20 గంటలు పడుతుంది. మొత్తం 24 నుండి 26 గంటలు. అందువల్లనే పెట్ట ఈరోజు ఏడింటికి పెడితే రేపు ఇంకొంత ప్రొద్దెక్కి, ఎల్లుండి మరింత ఆలస్యంగా పెట్టి, ఒకరోజు మానివేస్తుంది. మానిందని కోపగించుకోవడం గడియారం మీద కోపగించుకోవడం వంటిది.

ఈ గడియారాన్ని నడిపేది వెలుతురు. రోజుకు 14 గంటలకు తక్కువ కాకుండ వెలుతురు ఉంటే గ్రుడ్లు నిండుగా వస్తాయి. మన ప్రాంతంలో వేసవిలో పగలు 13 గంటలు, శీతకాలంలో 11 గంటలు. అందుకే పుష్యమాసంలో గ్రుడ్లు తగ్గుతాయి. సూర్యాస్తమయం తరువాత గూటిలో ఒక దీపం మూడు గంటలు వెలిగిస్తే ఆ లోటు తీరుతుంది. దీనికి ఎల్.ఇ.డి. బల్బు నిక్షేపంగా పనికివస్తుంది. ఇక్కడ కావలసింది కుంపటి కాదు, దీపమే. ఇక అవ్వ కోడి సంగతి. పుంజు వెలుతురును చూసి కూస్తుందా, తెల్లవారబోతున్నదని తనకే తెలిసి కూస్తుందా అన్న ప్రశ్నకు 2013లో జపానులోని నగోయా విశ్వవిద్యాలయ పరిశోధకులు సమాధానం చెప్పారు. మార్పులేని మసక వెలుతురులో ఉంచినా పుంజులు తెల్లవారుజాము వేళకే కూశాయి. ఆ గడియారం వాటి ఒంటిలోనే ఉన్నది. అడవిలోను అవ్వ కోడి వేళకే కూసి ఉంటుంది. వినడానికే ఊరు లేదు.

వేసవిలో వెలుతురుకు లోటు లేదు. అప్పటి గండం వేడి. కోడికి చెమట పట్టదు. నోరు తెరచి రొప్పి వేడిని పోగొట్టుకొంటుంది. ఆ రొప్పుడులో రక్తంలోని బొగ్గుపులుసు వాయువు ఎక్కువగా పోయి, పెంకుకు కావలసిన పదార్థం కొరవడుతుంది. రోహిణికార్తెలో పెంకులు పలుచబడడానికి కారణం ఇదే. చల్లని నీరు నీడలో పెట్టడం, గూటిపై తాటాకులు పరచడం, తడి గోనెలు కట్టడం, మేతను ఉదయం సాయంత్రం చల్లని వేళల్లో పెట్టడం — ఇవే చికిత్సలు. మామూలు దినాలలో పావులీటరు త్రాగే కోడి మండువేసవిలో దానికి రెట్టింపు త్రాగుతుంది.

ఇట్లు జాగ్రత్తగా చూసుకొంటే గ్రామప్రియ పెట్ట సుమారు అయిదున్నర నెలలకు తొలిగ్రుడ్డు పెడుతుంది. నాకు మిగిలిన పద్దెనిమిది పిల్లలలో తొమ్మిది పెట్టలు. రోజుకు నాలుగు గ్రుడ్లు తప్పక వచ్చేవి. రెండు గ్రుడ్లు అవ్వకు ఇచ్చి రావడం మా ఇంట్లో నియమమైంది. “మీ గ్రుడ్డు పెద్దది మాస్టారూ, నా గ్రుడ్డు గట్టిది” అని ఆమె నవ్వేది.

ఇప్పుడు చెప్పకపోతే ఈ వ్యాసానికి అర్థం లేని సంగతి చెప్పవలసి ఉన్నది.

కోళ్ళకు వచ్చే రోగాలలో కొక్కెర రోగం మహమ్మారి. 1920ల చివర హిమాలయాలలోని రాణిఖేత్‌లో గుర్తించడం వల్ల మన దేశంలో దానికి రాణిఖేత్ వ్యాధి అని పేరు వచ్చింది. రెక్కలు వాలుతాయి, పచ్చగా పారుతుంది, ఊపిరికి గురకపెడుతుంది, మెడ మెలితిరుగుతుంది. టీకా లేని కోళ్ళలో నూటికి తొంబై, ఒక్కొక్కచోట అన్నీ చచ్చిపోతాయి. వచ్చిన తరువాత మందు లేదు. రాకుండ టీకా ఉన్నది, ఖర్చు స్వల్పం. ఏడవనాడు కంటిలోనో ముక్కులోనో ఒక చుక్క; నాలుగు వారాలకు మరొకమారు; ఎనిమిది వారాలప్పుడు ఆర్2బి అనే టీకా రెక్క క్రింద చర్మంలోనికి. ఆపైన పశువైద్యుడు చెప్పిన గడువుల ప్రకారం వేయిస్తూ ఉండవలెను.

నా కోళ్ళకు ఈ టీకాలన్నీ వేయించాను. టీకామందు సీసాలో నూరు మోతాదులు ఉంటాయి. కలిపిన తరువాత గంట రెండు గంటలలోగా వాడవలెను. ఆపైన అది నీటితో సమానం. మొదటిసారి పద్దెనిమిది మోతాదులు వాడి, ఎనభై రెండు మోతాదులు మట్టిలో పారబోశాను. ఎనిమిదవ వారంలోను అదే పని చేశాను. వృథా అయిందే అనుకొన్నాను గాని, వీధి చివర పధ్నాలుగు కోళ్ళున్నాయన్న మాట నా తలపుకు రాలేదు. పాఠం చెప్పేవానికి, తనకు పాఠం చెప్పినవారు గుర్తుకు రాలేదు.

మరుసటి ఏడు శివరాత్రి వెళ్ళిన కొన్నాళ్ళకు మా ఊరికి కొక్కెర వచ్చింది. నా తొమ్మిది పెట్టలూ నిలిచాయి. అవ్వ పధ్నాలుగు కోళ్ళూ వారం దినాలలో పోయాయి. ఆ గ్రుడ్ల డబ్బు ఆమె మనుమరాలి పరీక్ష రుసుముకు, పుస్తకాలకు. నేను వెళ్ళి ఏదో అనబోతే, “మీవి బ్రతికాయి గదా మాస్టారూ, చాలు” అన్నది. ఆమె మాటలో దెప్పు లేదు. ఉంటే బాగుండేదనిపించింది.

కోడి ఒక ఇంటిది కాదు. అది ఊరి గింజ తిని, ఊరి గాలి పీల్చి, ఊరి రోగాన్ని పంచుకొంటుంది. 2025 ఫిబ్రవరిలో తూర్పు, పశ్చిమ గోదావరి జిల్లాలలో బర్డ్ ఫ్లూ బయటపడినప్పుడు పెద్ద పెద్ద కోళ్ళఫారాలకే ఆ సంగతి అనుభవానికి వచ్చింది. కోళ్ళు హఠాత్తుగా గుంపులుగా చచ్చిపోతే వాటిని ముట్టుకోక వెంటనే పశువైద్యునికి తెలియజేయవలెను. చచ్చిన కోడిని కాలువలో పారవేయడం, రోగం వచ్చిన కోడిని తొందరపడి సంతలో అమ్మివేయడం — ఈ రెండూ పొరుగువాని ఇంటికి నిప్పు పెట్టడంతో సమానమైన పనులు. లోతైన గోతిలో సున్నం చల్లి పూడ్చవలెను. కోళ్ళను ముట్టుకొన్న ప్రతిసారీ పిల్లలు సబ్బుతో చేతులు కడుగుకోవలెను.

ఉపాధ్యాయ మిత్రులకు ఒక మాట. పాఠశాలలో కోళ్ళను పెంచడం మంచి ఆలోచనే. కాని మొదలుపెట్టే ముందు, ఆదివారం ఎవరు మేత పెడతారు, దసరా సెలవులలో ఎవరు, వేసవి సెలవులలో ఎవరు అన్న మూడు ప్రశ్నలకు పేర్లతో సహా సమాధానం వ్రాసుకోవలెను. కోడికి సెలవులు లేవు. పేర్లు దొరకకపోతే బడిలో పెంచడం మాని, పిల్లల ఇండ్లలో ఉన్న కోళ్ళకే బడిలో ఒక లెక్కపుస్తకం పెట్టండి. తేదీ, పెట్టల సంఖ్య, గ్రుడ్ల సంఖ్య, పెట్టిన మేత, టీకా వేసిన దినం — ఈ అయిదు గడులు చాలు. గ్రుడ్ల సంఖ్యను పెట్టల సంఖ్యతో భాగించి నూటితో గుణిస్తే శాతం వస్తుంది. పగటి పొడవును ప్రక్కన వ్రాసుకొంటూ పోతే గణితం, ప్రకృతిశాస్త్రం, భూగోళం మూడూ ఒకే పుటలో కనబడతాయి. మనిషికి ఏడాదికి 180 గ్రుడ్లు కావలెనని పోషకాహార నిపుణుల సిఫారసు. ఒక్క మంచి పెట్ట ఒక పిల్లవానికి ఆ లోటును దాదాపు తీర్చగలదని ఆ లెక్కపుస్తకమే వారికి చెప్పుతుంది.

మా వీధిలో ఇప్పుడు ఒక పద్ధతి ఏర్పడింది. టీకా వేయించవలసిన ఆదివారం నాడు, గంపలెత్తి కోళ్ళను వదలకముందే, నా విద్యార్థులు ఇద్దరు లెక్కపుస్తకం పట్టుకొని ఇంటింటికీ తిరుగుతారు. మంచుగడ్డల డబ్బాలో ఒకే సీసా. పశువైద్యశాలనుండి వచ్చిన ఒకే మనిషి. మొదటి గంప మా ఇంటిది కాదు, అవ్వది. ఆ ఏడు నా గ్రుడ్లు పన్నెండింటిని, ఇంకొకరి నాటుపెట్ట క్రింద పొదిగించి, ఆమెకు మరల కోళ్ళను చేసి ఇచ్చాము. నూరు మోతాదులలో ఈమధ్య ఒక్క చుక్క కూడ మట్టిలో పోయడం లేదు.

కథలోని అవ్వ అడవిలో కూర్చొని, తన కోడి లేకపోతే ఊరికి తెల్లవారదనుకొన్నది. ఆమె తప్పు కోడిని గొప్పగా తలచడం కాదు. ఊరు లేకపోతే తన కోడికీ తెల్లవారదన్న సంగతి మరచిపోవడం. నిప్పు తీసుకుపోయేవారు లేని కుంపటి బూడిదే అవుతుంది. మీరు క్రొత్తగా కోళ్ళను తెచ్చుకొనే దినాన, గూటికి కొలతలు తీయకముందే, వీధి ఈ చివరినుండి ఆ చివరిదాకా ఒకసారి నడచి ఎవరింట ఎన్ని కోళ్ళున్నాయో లెక్క వ్రాసుకోండి. పెంపకం అక్కడ మొదలవుతుంది.